వేణువు నేర్పడం మొదలుపెడుతున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

"ఫ్లూట్ కొంచెం బాగానే వాయిస్తానండీ, మా అపార్ట్‌మెంట్‌లో వాళ్లు పిల్లలకు నేర్పించమంటున్నారు, ఎలా మొదలుపెట్టాలి?" అని అడిగేవాళ్లు తరచూ తగులుతుంటారు. మనుషులు మారతారు గానీ సందేహాలు అవే. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. ఇది ముఖ్యంగా ఎనిమిది రంధ్రాల కర్ణాటక వేణువు నేర్పేవాళ్ల కోసం. దేనికదే చదువుకోవచ్చు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## మొదలుపెట్టే ముందు

నాకు డిప్లొమా లేదు. నేర్పించే అర్హత నాకుందంటారా?

ఇంట్లో ప్రైవేటుగా చెప్పుకోవడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. స్కూళ్లలో మ్యూజిక్ టీచర్‌గా చేరాలనుకుంటే మాత్రం అడుగుతారు. అలాంటి ఆలోచన ఉంటే విజయనగరం మహారాజా కళాశాల, విజయవాడ ఘంటసాల కళాశాల, హైదరాబాద్ రాంకోఠిలోని త్యాగరాజ కళాశాల లాంటి ప్రభుత్వ సంగీత కళాశాలల్లో సర్టిఫికెట్, డిప్లొమా కోర్సుల గురించి కనుక్కోండి.

కాగితం సంగతి పక్కన పెడితే అసలు అర్హత వేరే ఉంది. సరళీ స్వరాల (తొలి స్వర పాఠాల) నుంచి వర్ణాల (కృతులకు ముందు నేర్పే పెద్ద పాఠాల) దాకా పుస్తకం చూడకుండా, తంబూరా శ్రుతి పెట్టుకుని, కాలం జారకుండా వాయించగలగాలి. అంతకంటే ముఖ్యం, వాయించేదంతా పాడగలగాలి. గొంతు బాగుండాలని కాదు, స్వరస్థానం సరిగ్గా పలికితే చాలు. ఎందుకంటే నోట్లో ఫ్లూట్ ఉండగా మీరు మాట్లాడలేరు, పిల్లాడు వాయిస్తుంటే పక్కన స్వరం పాడుతూ, తాళం వేస్తూ నడిపించాల్సింది మీరే. గొంతు పలికినట్టే వేణువు మీద గమకం (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం) పలికించే దారి వేణు విద్వాంసులు టి.ఆర్. మహాలింగం (1926–1986) గారు గట్టిగా వేసి వెళ్లారు, పాట రానివాళ్లకు ఆ దారి దొరకడం చాలా కష్టం.

మా గురువుగారికి చెప్పి మొదలుపెట్టాలా?

చెప్పాలి. తాంబూలం, పళ్లు, దక్షిణ పట్టుకెళ్లి "ఇద్దరు పిల్లలకు చెప్పమంటున్నారు, మీరు సరేనంటే మొదలుపెడతాను" అని అడగండి. చాలామంది గురువులు సంతోషంగా దీవిస్తారు. ఇంకో ఏడాది ఆగమన్నారంటే మీ వాయింపులో ఏదో లోటు విన్నారని అర్థం, అదేంటో అడిగి తెలుసుకోండి. నేర్పడం మొదలయ్యాక కూడా మీ పాఠం ఆపకండి.

పిల్లలకు ఏ వయసు నుంచి చెప్పొచ్చు?

ఎనిమిదేళ్లు నా లెక్క. ఆరేడేళ్లకు ముందుపళ్లు ఊడి కొత్తవి వస్తుంటాయి, అప్పుడు పెదవి నిలకడగా కుదరదు, నిన్న వచ్చిన నాదం ఇవాళ రాదు, పిల్లలు తమకు చేతకావట్లేదనుకుంటారు. వేళ్లు కూడా రంధ్రాలను పూర్తిగా మూయలేవు. ఐదేళ్ల పాపను తీసుకొచ్చి "మా అమ్మాయి చాలా చురుకండీ" అంటే కాదనలేక చేర్చుకోవద్దు. ఒక ఏడాది, ఏడాదిన్నర గాత్రం నేర్పించి తీసుకురమ్మనండి, స్వరం చెవిలో పడిన పిల్లలు తర్వాత ఫ్లూట్‌లో దూసుకుపోతారు.

ఏ ఫ్లూట్ కొనమని చెప్పాలి?

శ్రుతి పెరిగేకొద్దీ ఫ్లూట్ పొట్టిదవుతుంది, రంధ్రాలు దగ్గరవుతాయి. పిల్లలకు ఒకటిన్నర, రెండు, రెండున్నర శ్రుతి ఫ్లూట్లు చేతికి సరిపోతాయి. కచేరీల్లో చూసిన ఐదు శ్రుతి పెద్ద ఫ్లూటే (అంకె పెద్దదైనా ఇది కింది స్థాయిది, అందుకే పొడవు) కావాలని పెద్దవాళ్లు అడుగుతుంటారు, అది మొదట్లో వద్దు. వేళ్లు బాగా చాచాలి, గాలి చాలా కావాలి. దాంతో మణికట్టు నొప్పే తప్ప పాఠం ముందుకు సాగదు.

తిరునాళ్లలో, బీచ్‌ల దగ్గర కర్రకు గుత్తులుగా కట్టి అమ్మేవి చూడముచ్చటగా ఉంటాయి గానీ వాటిలో శ్రుతికి ఉండేవి అరుదు. వేణువులు తయారుచేసేవాళ్ల దగ్గరే కొనాలి, కొనేటప్పుడు మీరు వాయించి చూడాలి. ట్యూనర్ యాప్ పెట్టి మంద్ర (కింది) పంచమం, షడ్జమం, పై పంచమం, తార (పై) షడ్జమం ఈ నాలుగూ చూడండి. కింది స్థాయి సరిగ్గా ఉండి పైస్థాయి తగ్గి పలికే ఫ్లూట్లే ఎక్కువ తగులుతాయి, అలాంటిది పిల్లల చేతికి ఇస్తే వాళ్ల చెవి పాడైపోతుంది. ప్లాస్టిక్ పైపుతో చేసినవి మొదటి ఏడాదికి పనికొస్తాయి, పగలవు, శ్రుతి సరిగ్గా ఉందో లేదో మాత్రం చూసుకోవాలి. విద్యార్థులకు మీరే తెప్పించి ఇస్తుంటే కొన్న ధరకే ఇవ్వండి. అందులో లాభం చూసుకుంటే మాట ఊరంతా పాకుతుంది.

క్లాసు గదిలో ఏమేం ఉండాలి?

చాప లేదా చేతుల్లేని కుర్చీలు, ముఖం కనిపించేంత అద్దం, శ్రుతి పెట్టెగానీ తంబూరా యాప్ ఉన్న ఫోనూ స్పీకరూ. ఇంతే. అసలు సమస్య ఫ్యాను. ఫ్లూట్ నాదం పెదవుల మధ్య నుంచి వచ్చే సన్నటి గాలిపాయ రంధ్రం అంచుకు తగిలితే పుడుతుంది, ఫ్యాను గాలి ఆ పాయను చెదరగొడుతుంది. విద్యార్థిని సీలింగ్ ఫ్యాను కింద కాకుండా గోడవార కూర్చోబెట్టండి, టేబుల్ ఫ్యాను అయితే వీపు వైపు పెట్టండి. ఏసీ గదిలో ఫ్లూట్ చల్లబడి శ్రుతి తగ్గుతుంది, వాయించే ముందు రెండు నిమిషాలు అన్ని రంధ్రాలూ మూసి లోపలికి వెచ్చటి ఊపిరి వదలమనండి.

## మొదటి నెలలు

గంటసేపు ఊదినా అబ్బాయికి నాదమే రావట్లేదు. ఏం చెయ్యాలి?

ముందు గంటసేపు ఊదించడం ఆపండి. కొత్తవాళ్లకు వరసగా రెండు మూడు నిమిషాలు చాలు, తర్వాత ఫ్లూట్ కిందపెట్టి అదే స్వరం పాడించండి, తాళం వేయించండి, మళ్లీ ఊదించండి.

వేళ్ల గొడవ మొదట్లో వద్దు. రంధ్రాలన్నీ తెరిచి, రెండు చేతులతో ఫ్లూట్ పట్టుకుని అద్దం ముందు కూర్చోమనండి. ఊదే రంధ్రాన్ని రెండు పెదవుల మధ్య ఆనించి, అక్కడి నుంచి రంధ్రం బయటికి తిరిగేలా ఫ్లూట్‌ను కొద్దిగా తిప్పితే కింది పెదవి రంధ్రంలో పావువంతో మూడోవంతో కప్పుతుంది. ఇప్పుడు నవ్వీ నవ్వనట్టు పెదవులు చాచి, మధ్యలో బియ్యపు గింజంత సందు ఉంచి, గాలి అవతలి అంచు మీద పడేలా ఊదాలి. సగంమంది పిల్లలు బుగ్గలు పూరించి రంధ్రంలోకి నేరుగా ఊదుతారు, అద్దంలో చూపిస్తే వాళ్లకే తెలుస్తుంది. కొందరికి పై పెదవి మధ్యలో చిన్న బొడిపె ఉంటుంది, గాలి రెండుగా చీలిపోతుంది, అలాంటివాళ్లకు ఫ్లూట్‌ను కాస్త పక్కకు జరిపి పెడితే నాదం వచ్చేస్తుంది. కొందరికి మొదటి రోజే వస్తుంది, కొందరికి మూడు వారాలు పడుతుంది. ఆ మూడు వారాలు పట్టినవాళ్లలో మంచి నాదం ఉన్నవాళ్లు తక్కువేం కాదు, ఈ మాట తల్లిదండ్రులతో ముందే చెప్పండి.

ఊదుతుంటే కళ్లు తిరుగుతున్నాయంటున్నారు. ప్రమాదమా?

అలవాటు లేకుండా గబగబా, బలంగా ఊపిరి వదిలితే అలా అవుతుంది. ఫ్లూట్ కిందపెట్టి, మామూలుగా ఊపిరి తీసుకుంటూ కాసేపు కూర్చుంటే తగ్గిపోతుంది. నిలబడి ఊదించకండి. నాదం నిలబడ్డాక గాలి వృథా తగ్గుతుంది, తిరుగుడూ పోతుంది. వారాలు గడిచినా తగ్గకపోతే డాక్టర్‌కు చూపించుకోమనండి.

మాయామాళవగౌళతోనే మొదలుపెట్టాలా? పిల్లలకు చాలా కష్టంగా ఉంది.

ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం కాస్త వివరంగా చెప్పాలి.

పురందరదాసు నుంచి వస్తున్న పద్ధతి ప్రకారం తొలి పాఠం మాయామాళవగౌళ రాగం. గాత్రానికీ వీణకూ అది బ్రహ్మాండంగా సరిపోతుంది. వేణువు నిర్మాణం వేరు. (చతుశ్రుతి, అంతర, శుద్ధ, కైశికి అనేవి ఒక్కో స్వరంలోని రకాల పేర్లు.) ఊదే రంధ్రం వైపు నుంచి మొదటి రెండు రంధ్రాలు మూస్తే స, మొదటిది ఒక్కటే మూస్తే చతుశ్రుతి రిషభం, అన్నీ తెరిస్తే అంతర గాంధారం, ఆరు మూసి గాలి కాస్త బిగిస్తే శుద్ధ మధ్యమం, ఐదుకు పంచమం, నాలుగుకు చతుశ్రుతి ధైవతం, మూడుకు కైశికి నిషాదం. అంటే రంధ్రాలు పూర్తిగా మూసీ తెరిచీ వాయిస్తే వచ్చేది హరికాంభోజి రాగం. మాయామాళవగౌళలో రి, ద, ని మూడూ రంధ్రం సగం మూస్తేనే పలుకుతాయి. నాదమే సరిగ్గా నిలవని పిల్లకు ఏడు స్వరాల్లో మూడు సగం రంధ్రాలంటే, శ్రుతి తప్పిందో వేలు తప్పిందో తనకూ తెలియదు, మీకూ తెలియదు.

అందుకే నేను చెప్పేది ఇది. మొదటి రెండు మూడు వారాలు స నుంచి పైకి కాదు, కిందికి నడిపించండి: స ని ద ప. ఒక్కో వేలూ చేరుస్తూ వెళ్లడమే కాబట్టి ఫ్లూట్ చేతిలో కదలదు, గాలీ మార్చక్కర్లేదు. తర్వాత స రి గ. ఆ తర్వాత మోహన రాగంలో స్వరాలు, అందులో ఒక్క సగం రంధ్రం కూడా లేదు. అక్కడి నుంచి హరికాంభోజిలో సరళీ స్వరాలు మూడు కాలాల్లో (వేగాల్లో), జంట స్వరాలు. ఇవి కుదిరాక మాయామాళవగౌళకు రండి, అప్పుడు సగం రంధ్రం అనేది ఒకే ఒక కొత్త విషయంగా మిగులుతుంది, చెవి కూడా తయారై ఉంటుంది. మాయామాళవగౌళ వదిలేయమని కాదు, అది రావాల్సిందే. మీ గురువుగారు మొదటి నుంచీ అదే చెప్పాలంటే వారి మాటే పాటించండి, కాకపోతే మొదటి నెలలో ఒక్కో స్వరాన్ని చాలా నిదానంగా నిలబెట్టండి.

గాంధారం దగ్గర ఫ్లూట్ జారిపోతోంది, గ తర్వాత మ అసలు రావట్లేదు.

ప్రతి పిల్లకూ వచ్చే ఇబ్బందే ఇది. గ కి వేళ్లన్నీ లేచిపోతాయి, ఫ్లూట్‌ను ఆపేది గడ్డమూ బొటనవేళ్లే. పిల్లలు భయంతో రంధ్రాల పక్కన వెదురును నొక్కి పట్టుకుంటారు. కుడి చిటికెనవేలిని రంధ్రాలు లేని చోట ఆనించమని చెప్పండి, ఎడమచేతి చూపుడువేలి మొదలు దగ్గర ఫ్లూట్‌ను ఆనించి పట్టుకుంటే ఇంకా నిలకడగా ఉంటుంది. ఇక మ కి ఒక్కసారిగా ఆరు వేళ్లూ పడాలి, అదే క్షణంలో గాలి కూడా బిగవాలి. గ మ గ మ అని ఆ రెండు స్వరాలే రోజూ ఐదు నిమిషాలు విలంబంలో (నిదానంగా) వాయించమనండి. వేళ్లు ఎత్తుగా లేపకుండా రంధ్రాలకు దగ్గర్లోనే ఉంచితే ఆరూ ఒకేసారి పడతాయి. వేలి కొన కాకుండా మెత్తటి భాగం ఆనాలి, వాయించాక వేళ్ల మీద గుండ్రటి ముద్రలు పూర్తిగా పడ్డాయా లేదా చూడండి, సగం ముద్ర ఉన్న వేలు దగ్గరే గాలి కారుతోంది.

పై స్థాయి కోసం గట్టిగా ఊదమని చెప్పొచ్చా?

వద్దు. గట్టిగా ఊదితే కీచుగా వస్తుంది, శ్రుతి కూడా పెరిగిపోతుంది. పెదవుల మధ్య సందు తగ్గించి గాలి వేగం పెంచాలి, పరిమాణం కాదు. అరచెయ్యి ముఖం ముందు పెట్టి ఊదమంటే తేడా చర్మానికే తెలుస్తుంది.

రెండో నెలకే సినిమా పాటలు అడుగుతున్నారు. ఒప్పుకోవాలా?

ఒప్పుకోండి, కానీ మీరు ఎంచుకోండి. మోహనం స్వరాలు చేతికి వచ్చిన పిల్లకు ఆ స్వరాల్లోనే నడిచే పాట పల్లవి రెండు లైన్లు చెప్తే ఇంట్లో తాతయ్యకు, అమ్మమ్మకు వాయించి చూపిస్తుంది, ఆ వారం ప్రాక్టీసు రెట్టింపవుతుంది. పాఠం ముగిశాక చివరి పది నిమిషాలే దానికివ్వండి. యూట్యూబ్‌లో అంకెలు చూసి వేళ్లు పెట్టే అలవాటు మాత్రం మొదట్లోనే మాన్పించండి, స్వరం పాడి తర్వాతే వాయించాలి.

రోజుకు ఎంతసేపు సాధన చెయ్యమని చెప్పాలి?

పిల్లలకు పదిహేను నిమిషాల చొప్పున రెండుసార్లు, పెద్దవాళ్లకు అరగంట. ఆదివారం మూడు గంటలు కూర్చుని మిగతా వారమంతా ముట్టుకోకపోతే పెదవి మళ్లీ మొదటికొస్తుంది. పొద్దున్నే మంద్ర స్థాయిలో ఒక్కో స్వరం ఊపిరి ఉన్నంతసేపు నిలపడం అన్నిటికంటే పనికొచ్చే సాధన.

ఎడమచేతి వాటం పిల్లాడికి ఎలా?

రంధ్రాలన్నీ ఒకే వరుసలో ఉంటే అదే ఫ్లూట్‌ను అటువైపు తిప్పి పట్టుకోవచ్చు. వాడికి సహజంగా ఎటు వస్తుందో అటే పట్టుకోనివ్వండి, మధ్యలో మార్చకండి.

## పెద్దవాళ్లకు నేర్పేటప్పుడు

"నాకు నలభై ఐదు, ఇప్పుడు వస్తుందా?" అంటే ఏం చెప్పాలి?

వస్తుందని చెప్పండి, అది నిజమే. పిల్లలకంటే పాఠం తొందరగా అర్థం చేసుకుంటారు, వేళ్లు మాత్రం నిదానం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలవాళ్లు, రిటైరైనవాళ్లు ఎంతో ఇష్టంతో వస్తారు, మొదటి నెల బ్రహ్మాండంగా చేస్తారు, పై స్థాయి మొండికేసేటప్పటికి మూడో నెలలో ఆఫీసు పని ఎక్కువైందంటూ మానేస్తారు. ఆ నెల వస్తుందని చేరిన రోజే చెప్పిపెట్టండి. వాళ్లు వాయించింది నెలకోసారి ఫోన్‌లో రికార్డు చేసి ఉంచండి, నిరాశపడ్డ రోజు పాతది వినిపిస్తే ఎంత దూరం వచ్చారో వాళ్ల చెవికే తెలుస్తుంది.

నాకంటే వయసులో పెద్దవారిని తప్పు పట్టడం ఇబ్బందిగా ఉంది.

"తప్పండీ" అనకుండా "ఇంకోసారి వాయిద్దామండీ, ని కొంచెం పైకి వెళ్లింది" అనండి. గౌరవం మాటలో ఉండాలి, స్వరం దగ్గర మొహమాటం ఉండకూడదు. అరవై ఏళ్ల ఆయన మీ దగ్గరికొచ్చి కింద కూర్చున్నారంటే దిద్దించుకోవడానికే వచ్చారు. వదిలేస్తే ఆయన సమయాన్ని వృథా చేసినట్టే.

ఫ్లూట్ వాయిస్తే ఆస్తమా, బీపీ తగ్గుతాయని ప్రచారం చేసుకోవచ్చా?

చేసుకోకండి. మనం సంగీతం నేర్పేవాళ్లం. ఆస్తమా, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఈమధ్య కంటి ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్‌ను అడిగి చేరాలని మొదటే చెప్పండి. ఇన్‌హేలర్ వాడేవాళ్లు దాన్ని క్లాసుకు తెచ్చుకోవాలి.

వాళ్లకు హిందుస్తానీ బాన్సురీ ఇష్టం. రెండూ చెప్పగలనా?

బాన్సురీ విద్వాంసులు పన్నాలాల్ ఘోష్ (1911–1960) గారు కచేరీకి తెచ్చిన పొడవాటి బాన్సురీకి ఆరు రంధ్రాలు, అక్కడ స మూడు రంధ్రాలు మూస్తే వస్తుంది, గమకం పద్ధతీ వేరు. మీరు గురువు దగ్గర నేర్చుకోకపోతే చెప్పకండి, బాగా చెప్పేవాళ్ల దగ్గరికి పంపండి.

## ఫీజు, సమయం, తల్లిదండ్రులు

ఫీజు ఎంత పెట్టాలి?

మీ ఊళ్లో గాత్రం, వయొలిన్ చెప్పేవాళ్లు ఎంత తీసుకుంటున్నారో ముగ్గురు నలుగురిని అడగండి, ఆ మధ్యలో పెట్టండి. కొత్త కదా అని మరీ తక్కువ పెడితే తర్వాత పెంచడం కష్టం, పక్కన అదే పని చేసుకుని బతికే టీచర్‌కూ నష్టం. నెలకు ఎనిమిది క్లాసులు, ఐదో తేదీలోపు ఫీజు, ఏటా జూన్‌లో సవరణ, ఇలా ఒక పేజీ రాసి వాట్సాప్‌లో అందరికీ పంపండి. డబ్బు ఇవ్వలేని మంచి విద్యార్థి వస్తే ఉచితంగా చెప్పండి, ఆ సంగతి మీకూ వాళ్లింటికీ మధ్యే ఉండాలి.

పిల్లలు రాని క్లాసుకు మళ్లీ చెప్పాలా?

మీరు రద్దు చేస్తే తప్పకుండా మళ్లీ చెప్పాలి. వాళ్లు ముందురోజు చెప్పి మానేస్తే నెలకు ఒకటి సర్దొచ్చు. పరీక్షల నెలలో పూర్తిగా మానిపించే తల్లిదండ్రులుంటారు. అలాంటివాళ్లకు వారానికి ఒక్క క్లాసైనా ఉంచమని చెప్పండి, నెల విరామం తర్వాత పెదవి తిరిగి కుదరడానికి ఇంకో నెల పడుతుంది.

వాళ్లింటికి వెళ్లి చెప్పమంటున్నారు.

ముప్పావుగంట పాఠానికి రానూపోనూ గంట ట్రాఫిక్ అయితే అది రెండు క్లాసుల ఫీజు. ఆ లెక్క చెప్పి, ఒకే అపార్ట్‌మెంట్‌లో ముగ్గురు నలుగురు కుదిరితే వెళ్లండి.

తల్లిదండ్రులు క్లాసులో కూర్చోవచ్చా?

కూర్చోవాలనే చెప్పండి, కనీసం పక్క గదిలో. తలుపు తెరిచే ఉంచండి. పిల్లల వేళ్లు సరిచేయాల్సి వస్తే ముందు మీ ఫ్లూట్ మీద చూపించండి, తప్పనిసరైతే అడిగి ముట్టుకోండి. పిల్లలతో విడిగా చాటింగ్ వద్దు, మెసేజ్‌లన్నీ అమ్మకో నాన్నకో వెళ్లాలి. ఇందులో మొహమాటం పెట్టుకోకండి, మన ఇంటికి బిడ్డను పంపేవాళ్లకు ఆ నిశ్చింత ఇవ్వడం మన పని.

జీఎస్టీ కట్టాలా?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సేవల ద్వారా ఏడాదికి 20 లక్షల రూపాయలు దాటే వరకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆదాయపు పన్ను రిటర్నులో మాత్రం ఈ రాబడి చూపించాలి, వచ్చిన ఫీజులు ఒక పుస్తకంలో రాసుకోండి.

## ఆన్‌లైన్ క్లాసులు

జూమ్‌లో ఫ్లూట్ మధ్యమధ్యలో తెగిపోతోంది. నెట్ సమస్యా?

చాలాసార్లు నెట్ కాదు. ఒకే స్వరం నిలిపి వాయిస్తే జూమ్ దాన్ని ఫ్యాను చప్పుడులాంటి రొద అనుకుని అణిచేస్తుంది, తంబూరా కూడా మాయమవుతుంది. సెట్టింగ్స్‌లో ఆడియో దగ్గర ఒరిజినల్ సౌండ్ ఆన్ చెయ్యండి, విద్యార్థి వైపు కూడా చేయించండి. శ్రుతి విద్యార్థి ఇంట్లోనే మోగాలి. ఇద్దరూ కలిసి వాయించడం కుదరదు, శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి తాళం వాళ్లనే వేసుకోనిచ్చి మీరు వినండి. నా మట్టుకు మొదటి మూడు నెలలు ఎదురుగా చెప్పడమే మంచిదనిపిస్తుంది, పెదవి కోణం కెమెరాలో సరిగ్గా తెలియదు. దగ్గర్లో టీచర్ దొరకని పిల్లలకైతే కెమెరాను పక్క నుంచి, ముఖానికి దగ్గరగా పెట్టించండి.

అమెరికాలో ఉన్న తెలుగు పిల్లలకు ఏ టైము?

మనకు పొద్దున్న ఆరున్నర అంటే డాలస్‌లో ముందురోజు ఎండాకాలం రాత్రి ఎనిమిది, చలికాలం ఏడు. కాలిఫోర్నియాలో ఆరు, ఐదు. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం వాళ్ల గడియారం మారుతుంది, ఆ వారం ముందే మెసేజ్ పెట్టండి. వాళ్ల ఆదివారం సాయంత్రం క్లాసు మనకు సోమవారం పొద్దున అని కూడా గుర్తుంచుకోండి.

## ఏడాది దాటాక

ఎనిమిది మంది అయ్యారు. బ్యాచ్‌లుగా చెప్పొచ్చా?

చెప్పొచ్చు, అందరివీ ఒకే శ్రుతి ఫ్లూట్లయితే. నలుగురికి మించొద్దు. ఒకరు వాయిస్తుంటే మిగతా ముగ్గురూ అదే పాడాలి, అప్పుడు ఎవరి సమయమూ పోదు. కొత్తగా ఊదడం నేర్చుకుంటున్నవాళ్లను మాత్రం నెల రెండు నెలలు విడిగానే చూడండి. ఫ్లూట్లు ఒకరివి ఒకరు వాడకూడదు, ఇది కచ్చితంగా పాటించండి.

వెదురు పగిలిపోతోందని ఫిర్యాదు చేస్తున్నారు.

ఎండలో కారులో వదిలేయడమే ఎక్కువసార్లు కారణం. వాయించాక లోపలి తడి మెత్తటి గుడ్డతో తుడవాలి. నెలకోసారి కొబ్బరినూనె లోపలా బయటా పల్చగా రాయమనండి, ఊదే రంధ్రం అంచుకు నూనె పేరుకోకూడదు. సన్నటి చీలిక వస్తే దారం బిగుతుగా చుట్టించి వాడొచ్చు.

పిల్లలతో ఎప్పుడు వేదిక ఎక్కించాలి?

గీతాలు శ్రుతిలో నిలబడ్డాక, అదీ చిన్న చోట. పుష్య బహుళ పంచమికి చాలా ఊళ్లలో త్యాగరాజ ఆరాధన చేస్తారు, నిర్వాహకులను అడిగితే పిల్లలకు ఐదు నిమిషాలు ఇస్తారు. ఇద్దరు ముగ్గురిని కలిపి వాయింపజేస్తే టెన్షన్ తగ్గుతుంది. మైకు ముందు ఊపిరి రొద పెద్దగా వినిపిస్తుంది, మైకును నోటికి ఎదురుగా కాకుండా కాస్త పైనుంచి వంచి పెట్టించండి, ముందురోజు అక్కడే ఒకసారి వాయింపించండి. బంధువులంతా వీడియో తీసి పంపాలన్న తొందరలో ఆరో నెలకే ఎక్కిస్తే పిల్లాడు గుర్తుపెట్టుకునేది ఆ భయాన్నే.

బాగా వచ్చిన అమ్మాయి ఇంకో పెద్ద గురువు దగ్గరికి వెళ్తానంటోంది. ఏం చెయ్యాలి?

పంపండి. వర్ణాల తర్వాత కృతులు, రాగాలాపన మీకంటే లోతుగా చెప్పేవారుంటే మీరే ఫోన్ చేసి మాట్లాడి పెట్టండి. ఇంతవరకు ఏమేం పాఠాలయ్యాయో, ఏ స్వరం దగ్గర వేలు తడబడుతుందో, ఏ కాలం దాకా చేసిందో ఒక కాగితం మీద రాసి అమ్మాయి చేతికివ్వండి, కొత్త గురువుగారికి మొదటి రెండు వారాలు ఆదా అవుతాయి.